ఎస్‌కి పన్నెండు రూపాయలు

మూడు లాంతర్ల నుంచి గంటస్తంభం వైపు వస్తుంటే
పంక్చర్ల షాపు పక్కన, ఇంగ్లీషు అక్షరాల్లో
రొంగలి బ్రదర్స్.
సైన్ బోర్డులు రాస్తారు.
అక్షరానికి పన్నెండు రూపాయలు,
చుక్కకీ గీతకీ డబ్బుల్లేవు.

బడి వదిలి ఇంటికి పోతుంటే
నిచ్చెన మీంచే కేకేస్తాడు అప్పలస్వామి:
"టీచరమ్మా, ఒక్క నిమిషం.
ఫర్నిచర్‌కి ఎస్ ఉన్నాదా, నేదా?"
లేదంటాను.
"రాసీసినానండీ!"
ఆరు మంచాలు, నాలుగు బీరువాలు, గుట్టగా కుర్చీలు
కళ్ళెదుట కనబడుతుంటే
ఒక్క ఎస్‌కి నోచుకోలేదేటి ఈ షాపు, అని గొణుక్కుంటూ
టర్పెంటైన్ గుడ్డ తీశాడు.
షావుకారు పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు:
"ఉంచీ. నిండుగా ఉన్నాది."
ఇప్పటికీ ఉంది.
నేను ఆ దారిన పోయినప్పుడు తల దించుకుంటాను.

టైలరు బోర్డు రోజు ఇంకో గొడవ.
ఒక్క ప్యాంటుని వాళ్ళు రెండంటారంటే
"కాళ్ళు రెండు కదా మరి" అని ఒప్పేసుకున్నాడు.
కత్తెరా అంతే అంటే
"రేకులు రెండు" అన్నాడు.
కాసేపాగి,
"మరి చొక్కాకి చేతులు రెండు కదమ్మా?"
ఇరవై మూడేళ్ళ సర్వీసు నాది.
బస్సు వస్తోందని చెప్పి వచ్చేశాను.

పప్పుల కొట్టాయన అండ్ సన్స్ అని రాయించాడు.
ఉన్నది ఒక్క కొడుకు, నాలుగేళ్ళవాడు.
"రెండోవోడు కడుపులో ఉన్నాడు, వేసీవోయ్ ఎస్."
ఆడపిల్ల పుట్టింది.
ఆ పాప ఆ ఎస్ కిందే పీట వేసుకుని
బఠాణీలు నములుతూ ఉంటుంది.

అంటాం గానీ, మనమేమైనా తక్కువా?
పాలు, నీళ్ళు. చుక్కైనా సరే బహువచనమే.
నాన్న "వచ్చారు", అమ్మ "వచ్చింది".
ముప్పై ఏళ్ళు మా ఇంట్లో
ఒక్క మనిషికి బహువచనంలో వడ్డించి
అడుగూబొడుగూ ఏకవచనంలో తిన్నది అమ్మ.
ఇది సిలబస్‌లో లేదు, పిల్లలకి చెప్పను.

అప్పలస్వామి తమ్ముడు పైడయ్య
నిరుడు రోడ్డుకి అవతల ఫ్లెక్సీ మిషను పెట్టాడు.
అక్కడ చదరపడుగు లెక్క, అక్షరాలు ఉచితం.
చిప్సులు, లేడీసులు, ఫీజులు,
ఎస్ మీద ఎస్ గుమ్మరించినా అడిగేవాడు లేడు.
మొదటి ఫ్లెక్సీ పుట్టినరోజుది, ఎవరో చిన్న నాయకుడిది.
గాలికి అన్న బోర్డు మీద పడి రెపరెపలాడింది.
దాని మీదే మాటలు మొదలయ్యాయి, దాంతోనే ఆగిపోయాయి.

అంతకుముందు:
"మా పైడిగాడు టీకెళ్ళినాడు, వచ్చీస్తాడు."
ఇప్పుడు:
"ఆయనగారు వచ్చేరండీ. షట్టరు తీసేరండీ."
ఒక్కగానొక్క తమ్ముడు
బహువచనం అయిపోయాడు.
గౌరవం అంత చల్లగా ఉంటుందని
ఏ వ్యాకరణంలోనూ చదవలేదు నేను.

నిన్న సాయంత్రం
నిచ్చెన తన బోర్డుకే ఆనించి ఉంది.
చేతిలో తడిగుడ్డ.
"ఒక్కణ్ణే ఉన్నాను కదమ్మా.
ఎస్ తీసీమంటారేటి?"

ప్రతి సోమవారం ఎర్ర సిరాతో నేను దిద్దే తప్పు
వన్ ఆఫ్ మై ఫ్రెండ్.
అదే చెప్పాను అతనికి.
వన్ ఆఫ్ అన్నాక ఎస్ ఉండి తీరాలి అప్పలస్వామీ.
మాట్లాడేది ఒక్కడి గురించే అయినా,
మిగతావాడు
మాట్లాడకపోయినా.

గుడ్డ భుజాన వేసుకుని
చాలాసేపు చూశాడు, బోర్డు వైపు కాదు.
అవతల మిషను గరగరమంటూ
ఎవరి మొహమో సగం దాకా ముద్రిస్తోంది.
"వానలకి పెచ్చులూడిపోయింది గదమ్మా అది,
మళ్ళా దిద్దాల" అన్నాడు.
"ఆ ఎస్‌కి పన్నెండు రూపాయలు
ఎవుల్ని అడగమంటారు?"