పచ్చ సిరా

హన్మకొండ చౌరస్తాల గిన్నెల దుకాణం మెట్ల మీద
నలభై ఏండ్ల సంది పేర్లు కొడ్తున్న.
చుక్క పక్కన చుక్క.
ఇచ్చినోళ్ల పేరు, ఇంటిపేరు, తారీఖు.
ఏ గిన్నె ఎవల చేతిదో సూడంగనే చెప్త:
మట్టెవాడ యాకూబ్ తలకట్టు ఎప్పుడూ వంకరే,
మా నాయిన సున్న ఎన్నడు పూర్తిగ మూసుకోలే.

అందుకే గావచ్చు, కాజీపేట ఫాతిమానగర్ రెజీనా
చీరె పేలికల సుట్టి ఆ కప్పును
నా కాడికే తెచ్చింది.
గుడ్డుపెంకు తీరు పలుసన. మీగడ రంగు.
బోర్లిస్తె అడుగున ముద్ర:
కూసున్న వేటకుక్క, గుండ్రటి బురుజు, నిలువు వీణ,
కింద పట్టీల ఐర్లండ్‌ల ఏదో ఊరి పేరు.

"మా నాయినమ్మది, శౌరమ్మది. ముప్పై ఎనిమిదిల
దొర డ్రైవరు మా తాతకిచ్చిండట,
బొగ్గు కొట్టుట్ల తాతంతటోడు లేడని.
అమ్మెటందుకు గాదు. ఎప్పటిదో చెప్పు సాలు."

నా సదువంత ఒక్క జిరాక్స్ కాయితం,
హైదరాబాదు పింగాణి బేరగాడు ఇచ్చింది.
మొదటి ముద్రలు నల్లయి.
దేశం పేరుంటే పద్దెనిమిది వందల తొంభై దాటినట్టు.
నలభై ఆరుల నలుపు పోయి పచ్చ వచ్చింది.
కుక్క అదే, బురుజు అదే. సిరాను సూడాలె.

అద్దం పెట్టి సూసిన. వేలితోటి తుడిచి మల్ల సూసిన.
పచ్చ.

"తాత ఎప్పుడు పోయిండమ్మా?"
"నలభై నాలుగుల. షెడ్డులనే."

కాయితం ఆమె దిక్కు జరిపిన. ఏం మాట్లాడలే.
ఈ మెట్ల మీద ఎంతమంది ఆడోళ్లు కూసోలే,
కొంగుముడి ఇప్పి సొంత పైసలు లెక్కవెట్టి
బిందె కొనుక్కొని,
"మా అన్న ఇచ్చిండని కొట్టు" అన్నోళ్లు!
కొట్టిన. లేని అన్నలకు గూడ కొట్టిన.

రెజీనా పెదవులతోటి లెక్క కట్టుకున్నది.
మొగడు వోయిన మనిషి, ఆరిండ్ల అంట్లు.
ఏ దొరసాని సామాను అమ్ముకుంటుంటే కొన్నదో,
ఒక్క కప్పు, సాసరు లేకుంట.
అడిగినోళ్లకు చెప్ప ఒక దొర గావాలె గద,
సచ్చిపోయిన మొగడు ఎట్లాగు ఉండె.

"ఓసి ముసల్దానా!" అని పడి పడి నవ్వింది.

చాయ్ పిలగాడొస్తే కాయితం గిలాస తీసుకొని
ఆ కప్పుల వంచుకున్నది.
ఎండకు ఎత్తితే
చాయ్ ఎంతదాకున్నదో బయటికే కనవడ్డది.

పోయేటప్పుడు "పైసలెన్ని?" అన్నది.
కొట్టిందేం లేదు గద, అన్న.