పొడి పొట్టు

బేగంబజార్‌లో మూలికల దుకాణం షుకూర్ సాబ్
గోనెసంచిలోంచి గుప్పెడు ఆకు తీసి
"ముందు నమలమ్మా, తూకం తర్వాత" అన్నాడు.
నమిలాను. వగరు, కాస్త గడ్డి వాసన.
పటికబెల్లం పలుకు చేతిలో పెట్టాడు.
నోట్లో అది గులకరాయి.
నాలుక మీద ఎవరో తీపికి తలుపేసి
గొళ్లెం పెట్టి వెళ్లిపోయారు.
"అసలు పొడపత్రి. కల్తీదైతే తియ్యగా తగిలేది."
ఆయన పరీక్షకు ఎలుక అక్కర్లేదు,
కమిటీ సంతకం అక్కర్లేదు.

హబ్సిగూడలో బస్సు దిగి
ల్యాబు ముందు తాగిన చాయ్‌లో కూడా
పాలూ వేడీ తప్ప ఏమీ లేవు.

కడిగి, నీడన ఆరబెట్టి, దంచి,
మిథనాల్‌లో రాత్రీ పగలూ మరిగిస్తే
రెండు కిలోల ఆకు
ఒక సీసా అడుగున నల్లటి జిగురయింది.

ఐదు డబ్బాలు, డబ్బాకి ఆరు ఎలుకలు.
మొదటి డబ్బా ఆరోగ్యం.
రెండోదానికి జబ్బు మేమే ఇచ్చాం, మందు ఇవ్వం.
మూడోదానికి మెడికల్ షాపు మాత్ర.
నాలుగుకూ ఐదుకూ నా జిగురు,
కొంచెం ఒకదానికి, ఎక్కువ ఇంకోదానికి.
జబ్బు మేమే ఇచ్చామన్న మాట
థీసిస్‌లో ఇలా ఉంటుంది:
"మధుమేహము కలిగించబడినది."
ఎవరిచేతో ఆ వాక్యం చెప్పదు.

బాలమణి డబ్బాలు కడుగుతుంది, పొట్టు మారుస్తుంది.
"రెండో డబ్బల పొద్దుగాల మారిస్తె
పగటాల్లకే పచ్చిగైతుంది మేడం.
గియి గుడ నా లెక్కనే,
రాత్రి నాలుగుసార్లు లేస్తయి గావచ్చు."
ఆమెకు షుగరొచ్చి పదకొండేళ్లు.
రామంతాపూర్‌లో ఐదిళ్లకొకటే బాత్రూం,
వాకిలి దాటి, లైటు లేని సందులో.

పంతొమ్మిదో రోజు
నేనింకా తోక చివర సూది గుచ్చకముందే
"నాలుగో డబ్బ ఇయ్యాల పొడిగుంది" అంది.
గుచ్చాను. మీటరు కాసేపు ఆలోచించి
ఆమె మాటే అంకెల్లో చెప్పింది.

ఆ సాయంత్రం చీపురు మూలన పెట్టి
"గా నల్లది మిగిలితే జరంత నాకియ్యరాదు?"
చెప్పాల్సినవన్నీ చెప్పాను.
కాలేయం, మోతాదు, ఇంకా ఎన్నో పరీక్షలు,
మనిషి దాకా రావడానికి పట్టే ఏళ్లు.
మొత్తం ఓపిగ్గా విని
"ఎలుకలకు గుడ గివన్ని చెప్పిన్రా?" అంది.

మరి నీ మాత్రలో అని నేనడిగితే
సగం సగం విరిచి వేసుకుంటున్నానంది,
నెలాఖరు దాకా సాగాలని.
మూడో డబ్బా ఎలుకలు మాత్రం
ఒక్కపూటా తప్పకుండా వేసుకుంటున్నాయి.

ఇరవై ఎనిమిదో రోజు క్లోమాలు తీసి గాజుపలకల మీదికెక్కించాం.
ఆ రోజు బాలమణి సెలవు పెట్టింది.
కారణం అనే గడిలో "పని" అని రాసింది.

రెండో విడత ఆకు
షుకూర్ సాబ్ లేని రోజున, ఆయన అల్లుడి దగ్గర,
హడావిడిలో, నమలకుండా కొన్నాను.
ముప్పై కొత్త ఎలుకలు.
అన్ని రోజులూ నాలుగో డబ్బా తడి.
పట్టికలో రెండూ నాలుగూ కవలపిల్లలు.
సార్ కళ్లజోడు తీసి తుడుచుకుని
"మళ్లీ చెయ్" అన్నారు, అంతే.

మళ్లీ చేస్తున్నాను.
రిజిస్టర్‌లో బరువు, నీళ్లు, గ్లూకోజు పక్కన
పెన్సిలుతో ఇంకో గీత గీసి
పైన "పొట్టు" అని రాశాను.
అది బాలమణే నింపుతుంది.
ఏ పత్రికా ఆ గడిని అచ్చువేయదు, తెలుసు.

ఈసారి ఆకు తెచ్చాక
ఒకటి నేను, ఒకటి ఆమె నమిలాం.
ఓ చిటికెడు చక్కెర ఆమె అరచేతిలో పోశాను.
నాలుకకద్దుకుని, ఆగి,
ఇసుకను ఊసినట్టు సింకులో ఊసి
నవ్వింది.
"పదకొండేండ్లకు నోట్లేసుకున్న,
గదీ తియ్యగ లేకపాయె."