గుండుసూది

ఫర్వానియాలో మా గది కిటికీకి
ఎదురింటి ఏసీల వీపులే ఆకాశం.
తెల్లారి నాలుగున్నరకు ఓబులేసు కిందికి దిగి
నీళ్ళ టాంకరు చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తాడు.
ఆయిలు పుల్ల తీసి, తుడిచి, మళ్ళీ ముంచి చూస్తాడు.
ఒక్కో టైరునూ సుత్తితో కొట్టి చెవి ఒగ్గుతాడు.
చప్పుడు మారితే చాలు,
మేకు యాడ దిగిందో చెప్పేస్తాడు.
అంత బండికి ఆయనే వైద్యుడు.

ఫ్రిజ్జు తలుపులో, కోడిగుడ్ల పక్కన
ఇన్సులిను పెన్ను మూత తీయకుండానే ముసలిదైపోయింది.
మాత్రల అట్టలో శుక్రవారాలు మాత్రమే చిరిగి ఉంటాయి,
నేను ఇంట్లో ఉండే రోజులు గనక.

"మా నాయన బెల్లం గానుగ కాడ పెరిగినోడు,
ఏమన్నా అయిందా ఆయప్పకు?" అంటాడు.
మా మామ అరవై రెండుకే పోయినాడు.
కడాకు చూపు లేక, గాజుల సద్దును బట్టి
నన్ను పేరు పెట్టి పిలిచేవాడు.
ఆ మాట నోటిదాకా వచ్చి ఆగుతుంది.
దారం కొస తడిపి సూదిలోకి ఎక్కించే నెపాన
దాన్ని కూడా మింగుతాను.

చేయని పని లేదు.
టీలో చక్కెర సగం చేసినా.
బండి సీటు కింద పెప్సీ డబ్బాలు దొరికినాయి.
మూడు రోజులు మాట మానుకున్నా.
నాలుగో రోజు, పాపం, మెల్లగా అడిగినాడు,
"ఏమి, గొంతు నొప్పా?" అని.
కాళ్ళు పట్టుకుని కూడా బతిమాలినా.
నవ్వి, "ఇంకొంచెం పైన పట్టు" అన్నాడు.
నాకూ నవ్వొచ్చింది. అదే నా ఖర్మ.

పెండ్లిలో ఆయన నడినెత్తిన నేను పెట్టిన బెల్లం
ఎండి రాలిపోయిందనుకున్నా ఇన్నాళ్ళూ.
లోపలికి దిగినట్టుంది,
నెత్తి నుంచి నెత్తుట్లోకి.

రంజాన్ ముందర గది నిండా నల్లబట్ట.
కొట్లో తెమలని అబాయాలు ఇంటికి తెచ్చుకుంటాను.
అంచులు మడిచి గుండుసూదులు గుచ్చుతాను,
తెల్ల పూస తలకాయలవి, డబ్బాకు నూరు.

మొన్న రాత్రి ఆయన గుర్రు మొదలయ్యాక
ఫోను లైటు వేసి పాదాలు చూసినా.
ఇది రెండేండ్లుగా నేను చేస్తున్న దొంగతనం.
వేలి సందులు ఒక్కొక్కటీ విడదీసి,
పగుళ్ళలో ఇసుక దులిపి,
కొత్త గీత ఏదన్నా పడిందా అని.

ఎడమ మడమలో తెల్లగా ఒక చుక్క.
పూస.
నా పూస.
సూది మొత్తం లోపలే ఉంది.
పొద్దున ఎక్కిందో, ముందు రోజు ఎక్కిందో,
దాని మీదే క్లచ్చు తొక్కి, మెట్లెక్కి,
నాలుగు అంతస్తులూ, పచ్చిమిరపకాయలు తెచ్చి,
"ఈ రోజు ఎండ తక్కువే" అని పడుకున్నాడు.

లాగినా.
గుర్రు లయ తప్పలేదు.

పొద్దున అరచేతిలో పెట్టి చూపిస్తే
"చూడు మరి, నొప్పే లేదు" అన్నాడు
పందెం గెలిచినవాడి మాదిరి.

ఓబులేసూ,
నీ ధైర్యమంతా ఆ రెండు మాటల్లోనే ఉంది.
నాకు నిద్ర లేనిదీ వాటి వల్లే.

"క్లినిక్కుకు పోదాం."
"అకామా అయిపోనీ."
అకామా గడువు మాత్రం
ఇంకెన్ని దినాలో వేలు మడవకుండా చెప్తాడు.

ఇప్పుడు రోజూ పడుకునే ముందు
సూదులు లెక్కపెడతాను.
నిన్న తొంభై తొమ్మిది.
చాప ఎత్తినా, బట్టలు దులిపినా,
అయస్కాంతం పట్టుకుని మోకాళ్ళ మీద
గది అంతా తిరిగినా.
ఒక్కోసారి, ఎవరికీ చెప్పొద్దు,
వెతకబుద్ధి కాదు.
ఉండనీ, గుచ్చుకోనీ, ఒక్కసారన్నా
అమ్మా అని అరవనీ అనిపిస్తుంది.
అరవడని తెలిసి మళ్ళీ వంగుతాను.

నాలుగున్నర.
మంచం కింద నా చేయి తడుముతూనే ఉంది.
కింద వీధిలో సుత్తి చప్పుడు,
ఒక్కో టైరుకూ ఆగి, వింటూ,
ఇంకొకటికి పోతూ.