దొడ్డబళ్ళాపురంలో ఒక శనివారం

యలహంక దాటాక బస్సు కాస్త తేలికపడింది.
కండక్టరు టికెట్టు వెనకాల
నాకివ్వాల్సిన ఏడు రూపాయలు రాసి
మరిచిపోయాడు.

ఊళ్ళో దిగగానే మగ్గాలే వినిపించాయి.
గుమ్మంలో ముగ్గేస్తున్న పిల్ల కూడా
ఆ టకటకకే చుక్కలు పెడుతోంది.

ద్రాక్షతోటలో పొడవాటి బల్ల.
తెల్లచొక్కా కుర్రాడు గ్లాసు వంచి చూపించి
"ఏం రుచి తగుల్తోంది?" అనడిగాడు.
ఒకాయన చాక్లెట్ అన్నాడు.
పక్కావిడ, తడిసిన తోలు.
నాకు మాత్రం
మూడో తరగతిలో కొరికిన సిరాపెన్ను మూత గుర్తొచ్చింది.
చెప్పలేదు.

బయట పందిరి కింద, కత్తెరతో మునెక్క
గుత్తుల్లో చితికినవి ఏరేస్తోంది.
నాది తెలుగని ఎలా పసిగట్టిందో,
"ఏమ్మా, నోట్లో పోసుకోని ఊసేస్తారంట గదా!
దానికి ఎనిమిదినూర్లంటనే?"
నవ్వింది. నాకూ ఆగలేదు.
పదకొండేళ్ళుగా కోస్తోందట,
సీసాలోది ఎప్పుడూ తాగలేదట.
"ఎట్లుంటాది?"

చాక్లెట్ అననా?
"పెన్నుమూత కొరికినట్టుంటుంది" అన్నాను.
కాసేపు ఆలోచించింది.
"నేనేం ఇస్కూలుకి పోతినా?" అంటూ
ఒక గుత్తి చేతిలో పెట్టింది.
బెంగళూరు బ్లూ. నిజంగానే మందపాటి తోలు.
పైన బూడిదలాంటి పొర,
పొర మీద ఆమె వేలిముద్రలు.

తిరుగుబస్సులో ఒక్కొక్కటే తిన్నాను.
గింజలు ఉమ్మడానికి చోటులేక
ఆ టికెట్టులోనే పొట్లం కట్టాను,
ఏడు అంకె మీదే.
హెబ్బాళ దగ్గర ఎదుటి సీటు పాప
నా నోటికేసి చాలాసేపు చూసి
తన నాలుక చాపి చూపించింది.
ఎర్రగా ఉంది.
నేనూ చూపించాను.