గీత సున్నా కాలే

హన్మకొండల ముసురు పట్టి మూడొద్దులాయె.
సీసాల ద్రావణం నిన్నటిదాకా లేత తంగేడు రంగు,
ఇయ్యాల పొద్దున చూస్తే గంజి.
టైటానియం ఆల్కాక్సైడుకు తడి అంటే పడదు,
గాలిల ఇంత చెమ్మ దొరికితే చాలు
తెల్లగ విరిగి అడుగున కూసుంటది.
బేరియం ఎసిటేటు, రెండు రాత్రుల కలుపుడు,
నా స్టైపెండుల సగం
అన్నీ సింకులకు.

"తడి కోసం మేం కొట్లాడేటోళ్లం బిడ్డా," అన్నడు అయిలయ్య.
ఆజంజాహి మిల్లుల ఆయనది నూలు ఖాతా.
గాలి ఎండితే పోగు తెగేదట,
పైనుంచి మంచు లెక్క నీళ్లు చల్లేటోళ్లట.
"ఈడ మీకు తడే పగ."
అనుకుంటనే సిలికా జెల్ గింజలను
నీలం తిరిగేదాకా
పల్లీల లెక్క ఏంచిండు.

మళ్ల కలిపినం.
ప్లాటినం పూసిన సిలికాన్ ముక్క, బొటనగోరంత.
నడిమిట్ల ఒక్క చుక్క.
నిమిషానికి మూడు వేల చుట్లు, ముప్పై సెకన్లు.
కాల్చు, చల్లార్చు, మళ్ల చుక్క.
ఎనిమిది పొరలు వేసినా
నా తలవెంట్రుకల నూరో వంతు మందం రాదు.
వెలుతురుకు వంచి చూస్తే
కాజీపేట చౌరస్తాల వాననీళ్ల మీద
డీజిలు మరక తీరు రంగులు.
తొందరపడి మందంగ పూస్తే
నెర్రెలిచ్చిన వరిమడే.

కొలిమి ఏడు వందల డిగ్రీలు.
కరెంటు పోవద్దని మొక్కుకోలే,
జనరేటర్ల డీజిలు చూసొచ్చిన.

పదకొండు ఫిలుములు ఇట్లనే చేసిన.
ఓల్టేజి పెంచి దించితే తెర మీద
కోడిగుడ్డు. కోడిగుడ్డు. కోడిగుడ్డు.
అంతా లీకేజీ.
గైడు సారు ఏమనలే,
పెన్నుకు మూత పెట్టిండు, గంతే.

పన్నెండోదాని బంగారు చుక్క మీద సూది ఆనించిన.
కాజీపేట దిక్కు గూడ్సు పోతున్నది, బల్ల వణికింది,
అది పోయినంక మీట నొక్కిన.
గీత పైకి పాకింది, వంగింది,
తిరిగొచ్చేటప్పుడు
పోయిన దారి పట్టలే.
ఓల్టేజి సున్నా.
గీత సున్నా కాలే.

"ఏమైందమ్మా?"
ఆక్సిజన్ల నడుమ టైటానియం
రవ్వంత పక్కకు జరిగిందని చెప్పిన.
జరిపిన చెయ్యి తీసేసినా
అది జరిగిన కాడనే నిలబడ్డదని,
మళ్లాలంటే ఎదురు బలం గావాలె,
లేకుంటే నూట ఇరవై డిగ్రీల సెగ.
అయిలయ్య తెర దిక్కు శానాసేపు చూసిండు.
"నిలబడి ఏం జేస్తది?"

జవాబు వెతుక్కుంటున్న.
గోడగడియారంల రెండయింది.
అయిలయ్య చెయ్యి
దానంతట అదే చొక్కా జేబులకు పోయింది,
షిఫ్టు బిళ్ల కోసం.
మిల్లు లేదు, కూత లేదు, గేటు లేదు.
చెయ్యి బయటికి తీస్తే
అరచేతిల రెండు సిలికా జెల్ గింజలు,
అప్పుడే గులాబికి తిరుగుతున్నయి.
వాటిని తిరిగి ఏంచనీకి లేచిండు.

ఫైలుకు పేరేమని కంప్యూటర్ అడిగింది.
తేదీ కొట్టిన.
పక్కన, మధ్యాహ్నం రెండు.