వెయ్యి అడుగులు

చిత్తూరు హైరోడ్డులో, మేడ మెట్ల కింద
ఇద్దరు మనుషులు పట్టని కొట్టు మాది.
నాయన చెంగల్రాయులు కూర్చున్న ముక్కాలి పీట మీద
ఇప్పుడు నేను.
ఎడమ కంటికి ఆయన భూతద్దమే.

గుజ్జు ఫ్యాక్టరీ దొరబాబు వచ్చినాడు,
చొక్కాకు తోతాపురి వాసన.
పసుపు గుడ్డ విప్పి రెండు వాచీలు పెట్టినాడు.
ఒకే కంపెనీ, ఒకే పేరు,
సముద్రంలో మునిగేవాళ్ళ కోసం చేసినవి,
నడుమ నలభై ఏళ్ళ ఎడం.

కొత్తది బరువు.
చట్రం నల్ల పింగాణీ, మేకుతో గీకినా గీత పడదు.
చీకట్లో చుక్కలు నీలంగా మండుతాయి.
ఒక్క తప్పు వెతకమంటే నా వల్ల కాలేదు.

పాతది అరిగిన రూపాయి బిళ్ళలా తేలిక.
ప్లాస్టిక్ అద్దం, దాని వంపులో
ట్యూబు లైటు మెత్తగా వొంగి పడుకుంది.
ఒకప్పటి తెల్ల చుక్కలు
ఇప్పుడు పేరిన నెయ్యి రంగు.
నాలుగు దగ్గరది మాత్రం కొంచెం మాడింది.

"మెరుగు పెట్టాలా సార్?"
చెయ్యి అడ్డం పెట్టినాడు,
నిద్రపోయే బిడ్డను ఎవరో లేపబోయినట్టు.
"తుడవద్దు. ముల్లు మార్చొద్దు.
లోపల నూనె ఒక్కటే చూడు."
"మరి కొత్తది?"
"అమ్మేస్తా."

నవ్వొచ్చింది నాకు.
మా మెట్టెక్కే జనమంతా
పాతదాన్ని కొత్తది చెయ్యమనే వస్తారు.
ఎన్ని పచ్చబడిన ముఖాలు పీకి
తెల్లవి బిగించినాడో నాయన.

యాల సార్, అని అడిగినాను.
డబ్బాల లెక్క తప్ప మాటలు రాని మనిషి,
తడుముకున్నాడు.
"మా గుజ్జు ఏ డబ్బా తెరిచినా ఒకటే రుచి.
ఒకటే ఉండాలనే కదా జీతాలిచ్చేది.
ఇంట్లో నేను తినేది మాత్రం
మచ్చపడి రాలిన కాయ."
అని, పాత వాచీ చట్రం మీద గోరు పెట్టినాడు.
"దీన్లో ఇదొక్కటే దొంగ.
ఎవడో మధ్యలో కొత్త రింగు వేసేసినాడు."

అప్పుడు గుర్తొచ్చింది హార్లిక్స్ సీసా.
నాయన ఏదీ పారేసే రకం కాదు.
తెగిన స్ప్రింగులు, తలలేని మరలు, కుంటి ముళ్ళు,
వాటి అడుగున పేపరు చుట్టిన రింగు ఒకటి.
నల్లగా పుట్టి, ఎండకు కాగి కాగి
నీలిమందు కలిపిన బూడిద రంగుకు తిరిగింది.

బోరు బండి కుప్పుసామిది అది.
తిరుచెంగోడు నుంచి బండి తోలుకొచ్చి
పలమనేరు, పుంగనూరు, బంగారుపాళెం,
ఎక్కడ పిలిస్తే అక్కడ భూమిని తొలిచినాడు.
వాచీ ముఖం మీద వెయ్యి అడుగులని రాసుండేదంట.
వాడి గొట్టాలూ అంతే దిగేవి.
పైకి వచ్చేది తెల్ల దుమ్ము.
"రంగు పోయింది మేస్త్రీ,
నలుగురిలో చెయ్యి ఎత్తాలంటే సిగ్గుగా ఉండాది" అన్నాడంట.
మద్రాసు నుంచి తెప్పించి కొత్తది వేసినాడు నాయన.
కూలి పదైదు రూపాయలు.

దొరబాబు రింగును అరచేతిలో పెట్టుకుని
వీధి వెలుగు వైపు తిరిగినాడు.
చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత ఆయన చెప్పిన రేటు విని
భూతద్దం దించినాను.

ఆరు నెలల కొట్టు బాడుగ,
కుప్పుసామి సిగ్గుపడిన రంగుకు.

ఇచ్చేసినాను. ఇయ్యనని అనేంత గొప్పదాన్ని కాను.
బొటనవేలితో నొక్కితే
టిక్కున కూర్చుంది,
బంగారుపాళెం ఎండ పోయి ఫ్యాక్టరీ చేతికి.

పోతా పోతా మెట్టు మీద ఆగినాడు.
"తోటలో తొట్టి కట్టించినా.
దీంతో దిగొచ్చా నీళ్ళలోకి?"

"లోపల రబ్బరు చచ్చిపోయింది సార్.
వెయ్యి అడుగులని రాసుంటే రాసుండనీ.
మొహం కడుక్కునేటప్పుడు
తీసి పక్కన పెట్టుకోండి."