ఒకటిన్నర నెల

మొదటి రంధ్రం నన్నడిగి పెట్టలేదు.
మత్తులో ఉన్నాను.
కమ్మనహళ్ళి నర్సింగ్ హోములో
బొడ్డు అడుగంచున గొట్టం దించి
ఎడమ అండాశయాన్ని, దాన్ని పట్టుకున్న గడ్డనీ
కలిపి లాగేశారు.
డిశ్చార్జి కాగితంలో దానికి ఒకే ఒక్క వాక్యం.

రెండోది నేనడిగి పెట్టించుకున్నాను.

చర్చ్ స్ట్రీట్‌లో జెరాక్సు షాపు పక్కన మెట్లెక్కితే
గాజు తలుపు, స్పిరిట్ వాసన, హంసవేణి.
ముళబాగిలు పిల్ల.
మెడ దాకా పచ్చబొట్లు, నోరు తెరిస్తే కోలారు తెలుగు.
"ఏమక్కా, భయమా? ఊపిరి బిగబట్టద్దు, ఇడిసిపెట్టు."
వాళ్ళవ్వ సంతలో చెవులు కుట్టేదట,
ఏడ్చే పిల్లల నోట్లో బెల్లం ముక్క పెట్టి.
"అవ్వ పనే చేస్తా ఉండా,
రవ్వంత కిందికి దిగినా, అంతే."

టార్చి వేసి చూసింది.
"ఇదెవురు కోసింది?"
"డాక్టరు."
"సరే, ఆ గీత జోలికి మనం పోము. పైన కుడతాం."
ఊదారంగు పెన్నుతో చుక్క పెట్టి
నిలబడమంది, కూర్చోమంది, వంగమంది,
తుడిచేసి, వెంట్రుకవాసి జరిపి మళ్ళీ పెట్టింది.
నా ఒంట్లో అంత చిన్న చోటు గురించి
అంతసేపు ఆలోచించిన మనిషిని
అప్పటిదాకా చూళ్ళేదు.

సూది, పెద్ద నొప్పేం కాదు.
డిసెంబరు పొద్దున ఇనప గేటు ముట్టుకున్నట్టు జివ్వుమంది,
తర్వాత వేడి.
టైటానియం కడ్డీ. పైన జొన్నగింజంత గుండు,
కింద శనగగింజంత.

చేతులు మోచేతుల దాకా సబ్బుతో.
సెలైన్ చిమ్మి గాజ్ గుడ్డతో అద్దటం.
తుడవటం కాదు, అద్దటం.
పొద్దునొకసారి, బ్యాంకు నుంచొచ్చాక ఒకసారి.
కడ్డీని తిప్పకూడదు.
చెక్కు కడితే గోకకూడదు, నానితే అదే ఊడుతుంది.
బోర్లా పడుకోకూడదు. ముప్పై ఎనిమిదేళ్ళ అలవాటుని
రెండు దిళ్ళు అడ్డంపెట్టి మాన్పించాను.
కుచ్చిళ్ళు నాలుగు వేళ్ళు కిందికి.
లంగా బొందు పైకి జరిగిందా,
ఆ పూట కౌంటర్లో నోట్లు రెండుసార్లు లెక్కపెట్టాల్సిందే.
పసుపు పెట్టమంటారని ఎవరికీ చెప్పలేదు.

ఈ చోటుని ఇంతిలా కనిపెట్టుకున్నది
మా జేజి ఒక్కతే.
బొడ్డూడే దాకా రోజూ పొత్తిళ్ళు విప్పి చూసేదట.
ఊడినదాన్ని ఏ తాయెత్తులో పెట్టిందో.
ఆ తర్వాత అది
సబ్బు జారిపోయే గుంట, అంతే.
ఇప్పుడు నేనే పసిగుడ్డు, నేనే జేజి.

నాలుగో వారం ఎర్రబడింది.
రాత్రి పదకొండుకి హంసవేణికి ఫోటో పంపాను.
ఒక మనిషికి నా పొట్ట చూపించడం అదే మొదలు.
"కాలతా ఉందా? చీము పచ్చగా వస్తా ఉందా? లేదు గదా.
నీ బొందే రాసుకుండాది.
పీకేయద్దు మాత్రం, పీకితే చెడు లోపలే మూసుకుంటాది.
ఎల్లుండికి తగ్గకుంటే డాక్టరు దగ్గరికి పో."
ఎల్లుండికి తగ్గింది.

ఎందుకని నన్ను నేను ఇంకా అడగలేదు.
అద్దంలో కింద వాళ్ళ గీత, పైన నా మెరుపు.
ఇరుగూ పొరుగే గానీ
పలకరింపుల్లేవు.

నిన్న సిల్క్‌బోర్డు దగ్గర 500డి ఎక్కాను.
వెనకనించి ల్యాప్‌టాప్ సంచుల తోపు.
రెండు చేతులూ పొట్టకి అడ్డం పెట్టుకుని
కమ్మీకి వీపు ఆనించి నిలబడ్డాను.
పూలబుట్టతో కూర్చున్న పెద్దావిడ
నన్నొకసారి, నా చేతులనొకసారి చూసి
లేచి నిలబడింది.
"బా, కూత్కో."
వద్దనబోయాను. బస్సు కుదిపింది. కూర్చున్నాను.
వంగి చెవిలో అడిగింది:
"ఎష్టు తింగళు?"
ఎన్నో నెల అని.

మారతహళ్ళి బ్రిడ్జి దాటేదాకా మాట రాలేదు.
వేళ్ళ మీద లెక్క చూసుకున్నాను.
"ఒందూవరె," అన్నాను.
అబద్ధమేం కాదు.

బుట్టలోంచి మూరెడు కనకాంబరాలు తెంపి
నా ఒళ్ళో వేసింది.
"జోపానమ్మా."
సరేనన్నాను.